నడుం గుంజే బల్ల మీద

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నారు మీరు. రెయిలింగ్ వదలకుండా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆన్చి దిగుతున్నారు. కుడికాలు మోపినప్పుడల్లా పిరుదు లోపలి నుంచి పిక్క దాకా సుర్రుమంటోంది. వెనకొచ్చే హాస్టల్ పిల్లలకు ఆగే ఓపిక లేదు. "జర సైడ్ అంకుల్" అంటూ పుస్తకాల బ్యాగులు మీ భుజానికి రాసుకుంటూ దూసుకుపోతున్నారు. గురువారం కావడంతో సాయిబాబా గుడి వైపు జనం. పూలదండలు, కొబ్బరికాయలు, ఆటోవాళ్ల కేకలు, బజ్జీల నూనె వాసన. తలెత్తితే బోర్డులు. ఈ రోడ్డు మీద బోర్డులు రెండే రకాలని ఆ క్షణాన అనిపిస్తుంది: ఉద్యోగం తెప్పిస్తామనేవి, నడుం నొప్పి తగ్గిస్తామనేవి. మొదటి రకం బోర్డు కింద ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు రెండో రకం బోర్డు కిందికి ఎలా చేరతారో ఇంకాసేపట్లో చూస్తారు.

క్లినిక్ చిరునామా ఈ ఊళ్లో అందరూ చెప్పే పద్ధతిలోనే చెప్పారు ఫోన్లో: మెట్రో పిల్లర్ నంబరు, పక్కన బేకరీ, సందులోకి తిరిగితే మొదటి అంతస్తు. లిఫ్టు లేదు. నడుం నొప్పి క్లినిక్‌కు లిఫ్టు లేదంటే నవ్వొస్తుంది గానీ, నవ్వితే కూడా నడుం పట్టేస్తోంది.

చెప్పులు బయట వదలాలి. వంగలేక, ఒక కాలి వేళ్లతో రెండో కాలి చెప్పు తోసేస్తారు. వచ్చినవాళ్లంతా అలాగే తోశారు కాబోలు, గుమ్మం ముందు ఏ జతా జతగా లేదు.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు. అందరి ఒళ్లోనూ ఎమ్మారై ఫిల్ముల పెద్ద కవరు. ఖాకీ బట్టల్లో ఉన్న ఆర్టీసీ డ్రైవరు కుర్చీ ఖాళీ ఉన్నా గోడకు ఆనుకునే నిలబడ్డాడు. "ఇరవై ఏండ్లాయె స్టీరింగ్ పట్టుకోవట్టి. నిలబడితె నయం, కూసుంటెనే సావు" అంటున్నాడు పక్కనున్న చీరల షాపు సేల్స్‌మన్‌తో. ఆ అబ్బాయిది ఇంకో బాధ. తెల్ల పరుపు మీద కాళ్లు మడిచి కూర్చుని, ముందుకు వంగి, పొద్దుట్నుంచి రాత్రి దాకా చీరలు విప్పడం, మళ్లీ మడవడం. శ్రావణమాసం వస్తే నడుం నిటారు చేసే సందే ఉండదట. నల్గొండ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ పత్తి చేలో వంగిన నడుంతోనే ఇక్కడిదాకా వచ్చింది. మూలన గ్రూప్స్ రాస్తున్న అమ్మాయి మెడకు కాలర్ పెట్టుకుంది. అయినా కళ్లు ఫోన్లోనే, కరెంట్ అఫైర్స్ మీదే.

కూర్చుంటే డిస్కు మీద ఒత్తిడి పెరుగుతుందన్న మాట ఈ గదిలో అందరికీ తెలుసు. దానికి మూలం స్వీడన్ సర్జన్ ఆల్ఫ్ నాకెమ్‌సన్. 1960లలో ఆయన బతికున్న మనుషుల డిస్కుల్లోకి సూది దింపి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పటి కంటే కూర్చున్నప్పుడు, అందులోనూ ముందుకు వంగినప్పుడు బాగా ఎక్కువని తేలింది. 1999లో జర్మనీలో విల్కె బృందం మళ్లీ కొలిస్తే, ఒళ్లు వదులు చేసి కూర్చున్నప్పుడు నిలబడ్డప్పటికన్నా కాస్త తక్కువే వచ్చింది, కాకపోతే వాళ్లు కొలిచింది ఒక్క మనిషిలో. రెండు లెక్కల్లోనూ తేడా రానిది ఒక్కటే: వంగి బరువెత్తడం డిస్కుకు అన్నిటికంటే భారం. చీరల అబ్బాయికీ పత్తి చేలోని ఆవిడకూ ఆ సంగతి ఏ సూదీ లేకుండానే తెలుసు.

మీ పేరు పిలిచారు.

ఫిజియోథెరపిస్ట్ ముప్పై దాటని అమ్మాయి. మీరు కవరు చాపితే పక్కన పెట్టమంటుంది. నన్నడిగితే ఈ క్లినిక్‌లో మొదటి మంచి గుర్తు అదే. ముందు మనిషిని చూస్తోంది.

"నొప్పి నడుంలనే ఉంటదా అంకుల్, కాల్లకు దిగుతదా?"

"పిక్క దాకా దిగుతోందమ్మా. పాదం పైన తిమ్మిరి."

"దగ్గితే, తుమ్మితే?"

"ప్రాణం పోతుంది."

"యూరిన్, మోషన్ మంచిగనే అయితుందా? కూసునే దగ్గర మొద్దుబారినట్టు ఏమన్న అనిపిస్తుందా?"

ఈ ఆఖరి ప్రశ్న ఎందుకడిగిందో మీకు అర్థం కాదు. లేదని తలూపుతారు. ఆమె రాసుకుంటుంది.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కుడికాలు మడమ పట్టి మెల్లగా పైకెత్తుతుంది. కాలు సగం ఎత్తుకు రాకముందే "అక్కడే, అక్కడే" అంటారు. రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద ఒకటి, మడమ వెనక స్నాయువు మీద ఒకటి. బొటనవేలు తన చేతికి ఎదురు తొయ్యమంటుంది. లేచి మునివేళ్ల మీద నాలుగడుగులు, మడమల మీద నాలుగడుగులు. బలం ఉంది. ఇప్పుడు కవరు విప్పి ఫిల్ము ట్యూబ్‌లైటుకు ఎత్తి పడుతుంది. వెన్నుపూసల మధ్య తెల్లగా ఉండాల్సిన డిస్కుల్లో కింది రెండూ నల్లబడి ఉన్నాయి. ఒకటి వెనక్కి పొడుచుకొచ్చింది. ఎల్4–ఎల్5. నడుం డిస్కులు జారేది చాలావరకు ఇక్కడ, లేదా దీని కింది ఎల్5–ఎస్1 దగ్గర.

రిపోర్టులో ‘డీజెనరేషన్’, ‘బల్జ్’ అన్న మాటలు చూసి రాత్రంతా నిద్రపోని వాళ్లు ఎంతమందో. వాళ్లకు ఒక లెక్క చెప్పాలి. నొప్పి అన్నదే లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన పరిశీలన 2015లో అచ్చయింది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి బల్జ్ ఉన్నాయి. ఎనభై ఏళ్లకు అరుగుదల 96 శాతానికి, బల్జ్ 84 శాతానికి చేరింది. అంటే ఫిల్ములో కనబడిందల్లా రోగం కాదు. మీ పిక్కలో నొప్పి, ఆమె కాలెత్తినప్పుడు వచ్చిన నొప్పి, ఫిల్ములోని ఆ ఉబ్బు, మూడూ ఒకే నరాన్ని చూపిస్తున్నాయి కాబట్టి మీ విషయంలో దానికో అర్థం ఉంది. ఉత్త ఫిల్ము చూసి "డిస్క్ పోయింది" అనేవాళ్ల దగ్గర కవరు తీసుకుని లేచిరావడమే మేలు.

ఇంకో నాలుగు ప్రశ్నలు: నడుంలో స్క్రూలు, రాడ్లు వేశారా? ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పారా? క్యాన్సర్? కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బిందని ఏ స్కానింగులోనైనా వచ్చిందా? ఆడవాళ్లయితే గర్భం సంగతి కూడా అడుగుతుంది. వీటిలో ఏది ఉన్నా ఈ బల్ల ఎక్కకూడదు. అడగకుండా ఎక్కించే చోట్లూ ఉన్నాయి.

ఇక బల్ల. చూడ్డానికి మామూలు మంచంలాగే ఉంటుంది, నడుం దగ్గర రెండు ముక్కలు కావడం తప్ప. వెల్లకిలా పడుకున్నారు. మోకాళ్ల కింద ఎత్తుగా దిండు. పక్కటెముకల కింది అంచున ఒక బెల్టు, తుంటి ఎముకల మీద ఇంకొకటి. వెల్క్రో బర్రుమంటూ ఊడి మళ్లీ అతుక్కుంటుంది. "ఊపిరి ఇడువున్రి అంకుల్" అని, మీరు విడిచిన క్షణంలోనే ఇంకో అంగుళం బిగిస్తుంది. పై బెల్టు తల వైపు కట్టేసి ఉంది. కింది బెల్టు తాడు కాళ్ల దగ్గరి మోటారులోకి పోతుంది. చేతిలో ఒక స్విచ్ పెడుతుంది. "భయమనిపిస్తె ఇది నొక్కున్రి, ఆగిపోతది."

తెరమీద అంకెలు. మీ బరువు 72 కిలోలు. మొదటి రోజు కాబట్టి అందులో మూడోవంతు, 24 కిలోల లాగుడుతో మొదలు. రోజురోజుకూ పెంచినా సగం బరువు దాటనివ్వరు. అరవై సెకన్లు లాగడం, ముప్పై సెకన్లు సడలించడం. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు.

మోటారు సన్నగా మూలుగుతుంది. మొదట ఏమీ తెలియదు. తర్వాత తుంటిని ఎవరో రెండు చేతులతో పట్టుకుని మర్యాదగా కిందికి జరుపుతున్నట్టుంటుంది. బల్ల కింది సగం మీతోపాటే రెండు వేళ్ల సందు జరిగింది. ఒంటికీ పరుపుకూ మధ్య రాపిడిలో లాగుడు వృథా కాకుండా ఉండటానికే బల్లను రెండు ముక్కలు చేశారు. అంకె పదికి, పదిహేనుకు, ఇరవైకి పోతోంది. నడుం కండరాలు బిగుసుకుంటాయి, ఒళ్లు ఎదురుతిరుగుతోంది. "వదిలెయ్యున్రి, వదిలెయ్యున్రి" అంటుంది ఆమె. రెండో విడతలో వదిలేస్తారు. మూడో విడత లాగుడులో, చాలా రోజుల తర్వాత, పిక్కలో ఏమీ లేదు. నొప్పి ఉండే చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని నమ్మలేక కాలివేళ్లు కదిపి చూసుకుంటారు.

ఆ హాయి నిజం. దాన్ని ఎవరూ కాదనక్కర్లేదు. గొడవంతా దానికి చెప్పే కారణం దగ్గరే. గోడమీద రంగుల పటం ఉంది: వెన్నుపూసలు ఎడమయ్యాయి, మధ్యలో డిస్కు లోపలికి పీల్చుకుపోయింది, నీలిరంగు బాణాల్లో నీళ్లు, పోషకాలు లోపలికి వెళ్తున్నాయి. పటంలో సగం నిజమే. పెద్దవాళ్ల డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు, పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరి రావాల్సిందే. పగలంతా నిలబడి, కూర్చుని ఉంటే డిస్కులోని నీరు పిండుకుపోయి సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరో, ఇంకాస్తో పొట్టి అవుతాడు, రాత్రి పడుకుంటే మళ్లీ నిండుతుంది. లాగితే ఒత్తిడి తగ్గుతుందన్నదీ నిజమే. డీకంప్రెషన్ బల్లలని పిలిచే ఇలాంటివాటిలో తొలి పేరు వాక్స్-డి. కెనడాలో ఒంటారియో ఆరోగ్యశాఖలో ఉప మంత్రి హోదా ఉన్నతాధికారిగా చేసిన అలెన్ డయర్ దాని రూపకర్త. ఆ బల్ల మీద కొద్దిమంది రోగుల డిస్కులో ఒత్తిడి సున్నా కన్నా కిందికి పోయిందని రామోస్, మార్టిన్ అనే ఇద్దరు 1994లో జర్నల్ ఆఫ్ న్యూరోసర్జరీలో రాశారు. ప్రపంచంలో ఏ డీకంప్రెషన్ కరపత్రం చూసినా తిరిగి తిరిగి ఆ కొలత దగ్గరికే వస్తుంది. అయితే బల్ల మీద ఉన్నంతసేపు ఒత్తిడి తగ్గడం ఒకటి, బల్ల దిగాక ఆరు నెలలకు నొప్పి లేకుండా ఉండటం ఇంకొకటి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అమ్ముతున్నారు.

రెండోదాన్ని కూడా కొలిచారు. 2013లో కాక్రేన్ సమీక్ష 32 ప్రయోగాలను, 2,762 మందిని కలిపి చూసింది. ట్రాక్షన్, అంటే ఈ లాగుడు, ఒంటరిగా ఇచ్చినా, వేరే చికిత్సలతో కలిపి ఇచ్చినా నడుం నొప్పిలో, పనిచేసుకునే శక్తిలో, తిరిగి ఉద్యోగంలో చేరడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2016లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్, నడుం నొప్పికీ, కాల్లోకి దిగే సయాటికా నొప్పికీ ట్రాక్షన్ ఇవ్వొద్దని డాక్టర్లకు సూటిగా చెప్పింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుం నొప్పి మీద మార్గదర్శకాలు విడుదల చేస్తూ వద్దన్నవాటిలో నడుం బెల్టులతోపాటు ట్రాక్షన్‌నూ చేర్చింది. "మాది ట్రాక్షన్ కాదు సార్, డీకంప్రెషన్" అంటారు బల్లలు అమ్మేవాళ్లు. కంప్యూటరు ఉంది, లాగే కోణం మార్చొచ్చు, కండరం ఎదురుతిరగకుండా మెల్లగా లాగుతుంది. ఒప్పుకుందాం. పాత తాడు, పాత బరువుల కంటే ఇది ఒంటికి సుఖం. కానీ గుంజుడు గుంజుడే.

ఏడో విడతో ఎనిమిదో విడతో. మోటారు చప్పుడుకు కళ్లు మూతలు పడుతున్నాయి. మనుషులు వెన్నును లాగి బాగుచేయాలని చూడటం మొన్నటి సంగతి కాదు. రెండున్నర వేల ఏళ్ల కింద గ్రీసులో రోగిని నిచ్చెనకు కట్టి, తలకిందులుగా ఎత్తి, ధబాలున కిందికి వదిలేవాళ్లు. హిపోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథంలో దాన్ని ఎలా చేయాలో వివరంగా ఉంది. దానితోపాటే ఇంకో మాటా ఉంది: ఇలా చేసి ఎవరి వెన్నూ చక్కబడటం చూడలేదని, జనం నోళ్లు తెరిచి చూడాలనుకునే వైద్యులే దీన్ని ఎక్కువగా చేస్తారని. వైద్యగ్రంథాల్లో అంత ఘాటైన వాక్యం అరుదు.

తెర అవతల పక్క బల్ల మీదికి గ్రూప్స్ అమ్మాయి చేరింది. కాలర్ తీసేసి, తల వెనక భాగాన్ని రెండు మెత్తల మధ్య ఆన్చారు. మెడకు లాగుడు కొద్ది కిలోలే, తలబరువును కాస్త మించితే చాలు. చెయ్యి లోంచి వేళ్లలోకి దిగే తిమ్మిరి ఆమెది. వెనకటికి ఇళ్లలో తలుపు మీద కప్పీ తగిలించి, గడ్డం కింద పట్టీ వేసుకుని, అవతల నీళ్ల సంచి వేలాడదీసుకుని పెద్దవాళ్లు అరగంట కూర్చునేవారు, కొన్ని మెడికల్ షాపుల్లో ఆ సెట్టు ఇప్పటికీ దొరుకుతుంది. మెడ విషయంలో ఆధారాలు నడుంకన్నా కాస్త మెరుగు. మెడ నుంచి చేతిలోకి నొప్పి దిగేవాళ్లు 86 మంది మీద అమెరికాలో చేసిన ప్రయోగం 2014లో వచ్చింది. వ్యాయామంతోపాటు యంత్రంతో మెడ లాగినవాళ్లు ఆరు నెలలకు, ఏడాదికి వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకంటే బాగున్నారు. చిన్న ప్రయోగమే. వ్యాయామం మాత్రం రెండు పక్కలా ఉంది, గమనించండి.

మోటారు ఆగింది. "లేవకున్రి. పక్కకు తిరిగి, మోచెయ్యి ఆన్చి, మెల్లగ." కొందరికి బల్ల దిగగానే నొప్పి రెట్టింపుగా తిరిగొస్తుంది, అందుకే కాసేపు కూర్చోబెడుతుంది. మీకు అలా లేదు. పిక్క తేలిగ్గానే ఉంది. తర్వాత ఆమె నేర్పించిన దానికి కరెంటు అక్కర్లేదు: బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం, వెల్లకిలా పడుకుని తుంటి పైకి లేపడం. "రోజుకు రెండుసార్లు. నడవున్రి. బెడ్ రెస్ట్ అసలే వద్దు."

కౌంటరు దగ్గర మాట మారుతుంది. అక్కడ కుర్రాడు లామినేషన్ చేసిన కాగితం ముందుకు జరుపుతాడు. "సింగిల్ సిట్టింగ్ అయితే ఎక్కువ పడుతుంది సార్. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే డిస్కౌంట్. నైన్టీ పర్సెంట్ రిజల్ట్స్." వెనక నుంచి ఫిజియో అమ్మాయి ఏమీ అనదు. రిజిస్టరులో తలదూర్చి రాసుకుంటోంది.

ఇరవై సిట్టింగులంటే వారానికి మూడునాలుగు లెక్కన ఆరు వారాలు. కొత్తగా వచ్చిన సయాటికా చాలామందికి ఏ బల్లా ఎక్కకపోయినా ఆరు నుంచి పన్నెండు వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. జారిన డిస్కు కూడా ఎప్పటికీ అక్కడే ఉండిపోదు, ఒళ్లే దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఆపరేషన్ లేకుండానే ముక్కగా తెగిపోయిన డిస్కుల్లో 96 శాతం, బయటికి చొచ్చుకొచ్చినవాటిలో 70 శాతం, కొద్దిగా పొడుచుకొచ్చినవాటిలో 41 శాతం, ఉత్త ఉబ్బుల్లో 13 శాతం వెనక్కి తగ్గాయి. ఫిల్ములో ఎక్కువ భయపెట్టేదే ఎక్కువగా కరుగుతుంది. ప్యాకేజీ అయిపోయే రోజు, నొప్పి తనంతట తాను తగ్గే రోజు ఒకటే అయితే ఎవరికి దండ వేస్తాం? బల్లకే. కౌంటరు మీది శాతానికి నా లెక్కలో ఉన్న అర్థం ఇదే. మోసం అననుగానీ, కాలం చేసిన పనికి యంత్రం బిల్లు వేస్తోంది.

మీరు ఆ రోజుకు డబ్బిచ్చి, "చూద్దాం బాబూ" అని చెప్పులు వేసుకుంటారు. ఫిజియో అమ్మాయి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి అంటుంది: "నాలుగైదు సిట్టింగులు చూద్దాం అంకుల్. తేడా లేకుంటె నేనే చెప్త, డాక్టర్‌కు చూపించున్రి."

ఇల్లు ఎల్బీనగర్‌లో. మెట్రోలో మూడే స్టేషన్లు. కానీ నడవమంది కదా. పైన వంతెన, కింద పిల్లర్ల వరస. చైతన్యపురి దాకా ఫుట్‌పాత్ మీద బట్టల బండ్లు, మొబైల్ కవర్ల బల్లలు, నిలిపిన బైకులు, రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కుతూ పోవాలి. కొత్తపేటలో పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండిన చోటు వస్తుంది. మామిడి సీజనులో తెల్లవారుజామునే హమాలీలు పెట్టెలు భుజానికెత్తుకుని పరుగులు తీసిన నేల అది. మార్కెట్ బాటసింగారం పోయింది, ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దగ్గర నడుం లాగితే పిల్లరు దిమ్మె మీద ఒక నిమిషం ఆనండి. కూర్చోకండి, నిలబడే ఆనండి. మళ్లీ కదలండి. 2018 సెప్టెంబరు 24న ఈ దారిలో మెట్రో వచ్చినా, ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి బైకు మీదే పోయివచ్చేవాళ్లు ఇంకా బోలెడుమంది. మీ పక్కనుంచి వాళ్ల హెల్మెట్ల వరస, గుంతలో పడి లేచిన ప్రతిసారీ ఎవరి నడుమో ఒకటి లెక్క రాసుకుంటోంది.

ఈ నడకకూ ఒక ప్రయోగం ఉంది. 2024లో లాన్సెట్‌లో వచ్చింది. నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని ఆస్ట్రేలియాలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మెల్లగా పెంచుకుంటూ పోయే నడక, నొప్పి గురించిన అవగాహన ఇచ్చారు. రెండో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. నొప్పి తిరగబెట్టడానికి రెండో గుంపుకు మధ్యస్థ లెక్కన 112 రోజులు పట్టింది, నడిచినవాళ్లకు 208 రోజులు. నడకకు ప్యాకేజీ లేదు కాబట్టి దానికి పిల్లర్ల మీద బోర్డూ లేదు.

ఎల్బీనగర్ చౌరస్తా. ఫ్లైఓవర్ల కింద సూర్యాపేట, విజయవాడ, నల్గొండ పేర్లు అరుస్తున్న బస్సుల వాళ్లు, రింగురోడ్డు లారీల హారన్లు. పిక్కలో నొప్పి మళ్లీ మొదలైంది, పొద్దుటంత లేదు. రేపటికి ఎలా ఉంటుందో చూడాలి.

బల్ల ఎక్కాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లకు చెప్పేది ఇంతే. హాయి కోసం ఎక్కండి, ఏ సిట్టింగుకు ఆ సిట్టింగే డబ్బు కట్టండి, వ్యాయామం నేర్పని చోటికి రెండోసారి పోకండి. ఇక ఫిజియో అమ్మాయి అడిగిన ఆ యూరిన్, మోషన్ ప్రశ్న. మూత్రం బిగబట్టినా, తెలియకుండా పోయినా, మలం పట్టు తప్పినా, సైకిల్ సీటుకు ఆనే భాగం మొద్దుబారినా, రెండు కాళ్లూ పట్టు వదులుతున్నా, నడుం చివర నరాల గుత్తి మొత్తం నలిగిపోతోందేమోనని అనుమానించాలి. అప్పుడు ట్రాక్షన్ వద్దు, తైలం వద్దు, రేపటి అపాయింట్‌మెంటు వద్దు. అదే గంటలో, అర్ధరాత్రయినా సరే, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు.